గోదాము: అద్దె వ్యాపారమా, భూమి వ్యాపారమా?

ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ మేడ్చల్ చుట్టుపక్కల ఇవాళ చూపు సాగినంత మేర రేకుల కప్పులే. శంషాబాద్ దాటి కొత్తూరు వైపు వెళ్లినా, పటాన్‌చెరు దారి పట్టినా, విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే రహదారి పక్కన చూసినా ఇదే వరస. వీటిని చూసి రోడ్డు పక్కన పొలం ఉన్న కుటుంబాల్లో ఒక ఆలోచన మొదలవుతోంది: మన నాలుగెకరాల్లోనూ గోదాము కట్టి అద్దెకిస్తే పోలేదా? వ్యాపారం పెరిగిన చిన్న పరిశ్రమదారుడిది ఇంకో ఆలోచన: నెలనెలా అద్దె పోసే బదులు సొంత షెడ్డు వేసుకుంటే? పాత ఫ్యాక్టరీ స్థలం చేతిలో ఉన్నవాడిది మూడోది: ఇప్పుడే అమ్మాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

పైకి ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. లోపలికి వెళ్తే మూడింటి వెనకా ఉన్నది ఒక్కటే. గోదాము ఆస్తిలో రెండు వ్యాపారాలు కలిసి ఉంటాయి. ఒకటి అద్దె వ్యాపారం, రెండోది భూమి ధర వ్యాపారం. రెండింటి లెక్కలూ వేరు, ఓపికలూ వేరు, కాగితాలూ వేరు. తానున్నది ఏ వ్యాపారంలోనో తేల్చుకోకుండా షెడ్డు వేసినవాడు రెండు వైపులా కొంత నష్టపోతాడు.

గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది

మన దేశంలో గిడ్డంగి చాలాకాలం ప్రభుత్వ వ్యవహారం. కేంద్ర గిడ్డంగుల సంస్థ 1957లో పుట్టింది. గిడ్డంగుల సంస్థల చట్టం 1962లోనూ, భారత ఆహార సంస్థ 1965లోనూ వచ్చాయి. నిల్వ అంటే ధాన్యం, ఎరువులు, పత్తి. ప్రైవేటు వ్యక్తి గోదాము కట్టినా పెద్ద కిరాయిదారు తరచుగా ప్రభుత్వ సంస్థే. 2008లో మొదలైన ప్రైవేటు పెట్టుబడిదారుల హామీ పథకం కింద ఆహార సంస్థ పదేళ్లపాటు అద్దె హామీ ఇచ్చి గోదాములు కట్టించుకుంది. పదేళ్ల నికరమైన అద్దె చూపిస్తే బ్యాంకు అప్పు సులువుగా పుడుతుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

వినియోగ వస్తువుల కంపెనీల సంగతి వేరు. జీఎస్టీకి ముందు సరుకును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. అదే సరుకును ఆ రాష్ట్రంలోని సొంత డిపోకు పంపుకుంటే పడేది కాదు. అందుకే ప్రతి కంపెనీ ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న డిపో పెట్టుకుంది. ఆ డిపోలను పుట్టించింది రవాణా అవసరం కంటే ముందు పన్ను అవసరం. 2014లో రాష్ట్రం విడిపోగానే హైదరాబాదు గోదాముకూ కోస్తా దుకాణానికీ మధ్య ఆ పన్ను గీత కొత్తగా వచ్చిపడింది. మూడేళ్లు దాటగానే, 2017 జూలై 1న జీఎస్టీ ఆ గీతను చెరిపేసింది. ఇక రాష్ట్రానికో చిన్న డిపో అవసరం తీరిపోయి, నాలుగు రాష్ట్రాలకు సరుకు పంపే ఒక పెద్ద కేంద్రం లాభసాటి అయింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం లాజిస్టిక్సుకు మౌలిక వసతి హోదా ఇచ్చింది. కనీసం 25 కోట్ల పెట్టుబడి, లక్ష చదరపు అడుగుల విస్తీర్ణం ఉన్న గోదాములు దాని కిందికి వచ్చాయి. ఆన్‌లైన్ అమ్మకాలు ఈ ధోరణిని ఇంకా ముందుకు తోశాయి.

దీనివల్ల గిరాకీ పెరిగింది గానీ అందరికీ సమానంగా పెరగలేదు. పది వేల అడుగుల పాత రేకుల షెడ్డుకు వచ్చే కిరాయిదారు వేరు, లక్ష అడుగుల కొత్త కట్టడం అడిగే కిరాయిదారు వేరు. పేపర్లో కనిపించే గిరాకీ వార్తలు ఎక్కువగా రెండోవాడివి. చేతిలో ఒకటో రెండో ఎకరాలున్నవాడు ఆ వార్త చదివి షెడ్డు వేస్తే, చివరికి ఇంటి సామాన్ల డీలరుకో సిమెంటు వ్యాపారికో ఇచ్చుకోవాలి. అందులో తప్పేమీ లేదు. లెక్క మాత్రం ఆ డీలరు అద్దె మీదే వేసుకోవాలి.

కాగితం ముందు, కాంక్రీటు తర్వాత

గోదాము వ్యవహారాల్లో ఎక్కువ డబ్బు మునిగేది భూమి పత్రాల దగ్గరే. మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్ దీనికి పెద్ద పాఠం. అక్కడి సీతారామస్వామి ఆలయానికి చెందినవని చెప్పే సుమారు 1,500 ఎకరాల మీద 2021లో తెలంగాణ ప్రభుత్వం ఐఏఎస్ అధికారుల కమిటీ వేసింది. అప్పటికే ఆ భూముల్లో పెద్ద పెద్ద గోదాములు లేచి, కంపెనీలు అద్దెకు దిగి ఉన్నాయి. హక్కు ఎవరిదన్న వివాదం ఎటు తేలినా, గోదాము కట్టినంత మాత్రాన, కిరాయిదారు దొరికినంత మాత్రాన భూమి హక్కు గట్టిపడదని అందరికీ తెలిసొచ్చింది.

చూడాల్సినవి కొత్తవేమీ కావు. అసైన్డు భూమి అయితే 1977 చట్టం ప్రకారం మామూలుగా అమ్మకం చెల్లదు. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూముల సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధ జాబితాలో ఉంటాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ముప్పై ఏళ్లకు తీయించినా సరిపోదు, పాత పహాణీలు, లింకు డాక్యుమెంట్లు కలిపి చదవాలి. తెలంగాణలో రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారాయి. పోర్టల్లో పేరు కనిపించడం ఒకటి, హక్కు గొలుసు తెగకుండా ఉండటం ఇంకొకటి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద కొన్నామని చెప్పేవాళ్లు ఇంకా తారసపడుతూనే ఉంటారు. అలాంటి పత్రంతో స్థిరాస్తి బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

హక్కు తేలాక వాడకం సంగతి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవడానికి 2006 చట్టం ఒకటుంది. జనం నోట్లో అది నాలా. ఆ చట్టాన్ని రద్దు చేయాలని ఆంధ్రప్రదేశ్ 2025లో నిర్ణయించింది. నాలా అయిపోగానే గోదాము కట్టుకోవచ్చనుకోవడం తరచూ జరిగే పొరపాటు. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందన్నది వేరే ప్రశ్న. శంషాబాద్ వైపు కొనేవాళ్లు జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన జీవో 111 పరిధిలోని 84 గ్రామాల జాబితానూ చూసుకోవాలి. ఆ తర్వాత రోడ్డు వెడల్పు. నలభై అడుగుల కంటెయినరు తిరగలేని దారిలో ఎంత మంచి షెడ్డు కట్టినా పెద్ద కంపెనీ దాని మొహం చూడదు.

ఏపీఐఐసీ, తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థల ప్లాట్లలో ఈ తలనొప్పులు తక్కువ. దానికి బదులు అక్కడ షరతులు ఎక్కువ. ఇచ్చిన గడువులో పరిశ్రమ పెట్టాలి, చెప్పిన పనికే వాడాలి, మరొకరికి బదలాయించాలంటే అనుమతి తీసుకుని రుసుము కట్టాలి. షరతు తప్పితే కేటాయింపు రద్దవుతుంది. ఈ షరతుల చరిత్ర పాతదే. నిజాం కాలంలో ఫ్యాక్టరీలకు లీజుకిచ్చిన హైదరాబాదులోని ఆజమాబాద్ పారిశ్రామిక వాడ, సుమారు 136 ఎకరాలు, కాలక్రమాన నగరం నడిబొడ్డుకు వచ్చేసింది. సబ్‌లీజులూ వాడకం మార్పులూ పెరిగి, చివరికి ఆ ఒక్క వాడలోని లీజుల రద్దుకూ క్రమబద్ధీకరణకూ 1992లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. లీజు భూమి మీద ఫ్యాక్టరీ కట్టినవాడు మర్చిపోకూడని సంగతి ఇది: నగరం పెరిగినప్పుడు ఆ పెరుగుదల ఎవరి ఖాతాలో పడాలో లీజు పత్రమే చెబుతుంది.

ఎకరం లెక్క

ఇక డబ్బు లెక్కకు వద్దాం. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. సెట్‌బ్యాకులు, లారీలు తిరిగే జాగా, ఫైరింజను దారి తీసేస్తే సుమారుగా సగం నేల మీద కప్పు పడుతుందనుకుందాం. అంటే 21,800 అడుగులు. హైదరాబాదు శివార్లలో మంచి గోదాముకు అడుగుకు నెలకు 20 రూపాయల చుట్టూ అద్దె పలుకుతుందనుకుంటే నెలకు 4.36 లక్షలు, ఏడాదికి సుమారు 52 లక్షలు. షెడ్డు, గచ్చు, లోపలి రోడ్లు, ఫైర్ ఏర్పాట్లు అన్నీ కలిపి అడుగుకు 1,500 రూపాయలు వేసుకుంటే కట్టడం ఖర్చు 3.27 కోట్లు.

భూమి ఎకరం 2 కోట్లయితే మొత్తం పెట్టుబడి 5.27 కోట్లు, రాబడి ఏడాదికి దాదాపు 10 శాతం. ఎకరం 5 కోట్లయితే రాబడి 6.3 శాతానికి దిగుతుంది. పది కోట్లయితే 4 శాతం కూడా రాదు. ఇవి ఆస్తిపన్ను, బీమా, మరమ్మతులు, ఖాళీగా ఉన్న నెలలు తీసేయకముందు అంకెలు. అప్పు తెచ్చి కడితే రెండో సందర్భంలోనే బ్యాంకు వడ్డీకి అద్దె చాలదు.

తాతల నాటి భూమి ఉన్నవాడు ఇక్కడ ఒక మాట అంటాడు: నాకు భూమి ఊరికే వచ్చింది, 3.27 కోట్లకు 52 లక్షలంటే 16 శాతం కదా! వినడానికి బాగుంటుంది. ఆ భూమిని ఇవాళ 5 కోట్లకు అమ్మగలిగితే, ఆ 5 కోట్లు అతను గోదాములో పెట్టినట్టే. వారసత్వంగా వచ్చిందన్న కారణంతో దాని ధర సున్నా అయిపోదు. ఎకరం 5 కోట్లకు చేరిన చోట అతను చేస్తున్నది ప్రధానంగా భూమి వ్యాపారమే, అద్దె అతను ఆగినంతకాలం వచ్చే చేతి ఖర్చు. అది తెలిసి చేస్తే మంచిదే. అలాంటప్పుడు తేలికగా విప్పగలిగే షెడ్డు వేసి, చిన్న లీజులు రాసుకుని, భూమిని ఎప్పుడైనా ఖాళీగా చూపించగలిగేలా ఉంచుకోవాలి. పదేళ్ల లీజుకు కట్టుబడి, కోట్లు పోసి పక్కా కట్టడం లేపితే, మంచి ధర వచ్చిన రోజున భూమి అతని చేతిలో ఉండదు.

భూమి చవకగా ఉన్న చోట ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ లాభమంతా అద్దెలోనే ఉంటుంది. కాబట్టి కట్టడం నాణ్యత, కిరాయిదారు నిలకడ, లీజు కాలం ముఖ్యమవుతాయి. గచ్చు చదరపు మీటరుకు 5 టన్నుల బరువు మోయాలి, కప్పు ఎత్తు 9 నుంచి 12 మీటర్లు ఉండాలి, లారీ తొట్టి అడుగు ఎత్తుకు డాకులు ఉండాలి, స్ప్రింక్లర్లు, ఫైర్ ఎన్ఓసీ ఉండాలి. పెద్ద కంపెనీ అడిగేవి ఇవే. సరుకును పైకి పేర్చుకునే కిరాయిదారుకు ఎత్తు కూడా జాగాయే. ఆరు మీటర్ల షెడ్డులో అద్దె మిగిలినా కిరాయిదారు మిగలడం కష్టం. ఎత్తు కోరే వ్యాపారి ఎత్తున్న షెడ్డు దొరికిన రోజే లేచిపోతాడు.

లీజు పత్రంలో ఏముంది

గోదాము యజమానులు చాలామంది అద్దె అంకె మీద గంటల తరబడి బేరమాడి, మిగతా పేజీల మీద చదవకుండా సంతకం చేస్తారు. అసలు బేరం ఆ పేజీల్లోనే ఉంటుంది.

మొదట రిజిస్ట్రేషన్. ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాల్సిందే. స్టాంపు ఖర్చు తప్పించుకోవాలని పదకొండు నెలల కాగితం రాసుకోవడం, లేదా తొమ్మిదేళ్ల ఒప్పందాన్ని నోటరీతో సరిపెట్టడం మనకు అలవాటు. 106వ సెక్షన్ తయారీ పరిశ్రమ లీజుకు ఆరు నెలల నోటీసు రక్షణ ఇస్తుంది, గోదాము లాంటి వాటికి పదిహేను రోజులే. ఆ ఆరు నెలల రక్షణ కావాలంటే రిజిస్టరయిన పత్రం ఉండాలనీ, లేకపోతే అది నెలవారీ అద్దె కిందికే వస్తుందనీ 2001లో సమీర్ ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బరువైన యంత్రాలు బిగించి, విద్యుత్ హెచ్‌టీ లైను తెచ్చుకున్న పరిశ్రమదారుడు పదిహేను రోజుల నోటీసు మీద నిలబడి ఉన్నాడన్నమాట. స్టాంపు డ్యూటీలో మిగిలిన డబ్బుకు అది చాలా పెద్ద ధర.

రెండోది లాక్ఇన్. తొమ్మిదేళ్ల లీజు అని గొప్పగా చెప్పుకునే పత్రంలో కిరాయిదారు తప్పనిసరిగా ఉండాల్సింది తరచుగా మొదటి మూడేళ్లే. ఆ తర్వాత అతను మూడు నుంచి ఆరు నెలల నోటీసిచ్చి వెళ్లిపోవచ్చు. యజమాని మాత్రం, అద్దె ఎగ్గొడితే తప్ప, తొమ్మిదేళ్లూ కదిలించలేడు. కాబట్టి అది యజమానికి తొమ్మిదేళ్ల బంధం, కిరాయిదారుకు మూడేళ్ల బంధం. బ్యాంకు అప్పు పదేళ్లదైతే ఈ తేడా ఒక్కటి చాలు నిద్ర పట్టకుండా చేయడానికి. కిరాయిదారు కోరినట్టు ప్రత్యేకంగా కట్టి ఇచ్చే షెడ్డయితే లాక్ఇన్ అప్పు కాలానికి దగ్గరగా ఉండాల్సిందే.

మూడోది పెంపు. మూడేళ్లకోసారి 15 శాతం అన్నా, ఏటా 5 శాతం అన్నా ఒకటేననుకుంటారు. మొదటిది ఏటా దాదాపు 4.8 శాతంతో సమానం, పైగా ఆ పెంపు మూడేళ్లు ఆగి వస్తుంది. లక్ష అడుగుల గోదాములో ఆ తేడా లక్షల్లో ఉంటుంది. ఇంకా ఏ విస్తీర్ణం మీద అద్దె కడుతున్నారు, డాకు పైకప్పు, సెక్యూరిటీ గది అందులోకి వస్తాయా, గచ్చు పగిలితే ఎవరు వేయించాలి, వెళ్లేటప్పుడు ర్యాకులు పీకిన గుంతలు ఎవరు పూడ్చాలి అన్నవన్నీ రాసి ఉండాలి. అగ్ని ప్రమాదం విషయం మరీ ముఖ్యం. అగ్నికో వరదకో ఆస్తి వాడకానికి పనికిరాకుండా పోతే, తన తప్పు లేని కిరాయిదారు లీజును రద్దు చేసుకోవచ్చని చట్టం అంటుంది, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప. యజమాని బీమా కట్టడానికి, కిరాయిదారు బీమా సరుకుకు. అద్దె ఆగిపోయిన నెలలకు బీమా తీసుకున్న యజమానులు మన దగ్గర అరుదు.

నాలుగోది పన్నులు. వాణిజ్య అద్దె మీద జీఎస్టీ 18 శాతం. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్టరు కాని యజమాని దగ్గర జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి అద్దెకు దిగితే ఆ పన్ను కిరాయిదారే నేరుగా కట్టాలి. కట్టడానికి కొన్న సిమెంటు, ఉక్కు మీద కట్టిన పన్నును అద్దె పన్నులో సర్దుకోవచ్చా అన్న వివాదంలో 2024 అక్టోబరులో సఫారీ రిట్రీట్స్ తీర్పు యజమానులకు ఆశ కల్పించింది. 2025 ఆర్థిక చట్టం 2017 నుంచే వర్తించేలా సవరణ తెచ్చి ఆ దారి మూసింది. కట్టడం ఖర్చు అంచనా వేసేటప్పుడు ఆ పన్ను తిరిగిరాదనే వేసుకోవాలి.

కిరాయిదారు వైపు ఒక జాగ్రత్త. షెడ్డు బ్యాంకులో తనఖా ఉందేమో ముందే అడగాలి. ఉంటే బ్యాంకు నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. యజమాని అప్పు ఎగ్గొట్టి, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు స్వాధీనానికి వచ్చిన రోజున రిజిస్టరు కాని, సమ్మతి లేని లీజు కిరాయిదారును కాపాడటం కష్టం.

గుంటూరు చెప్పే మరో దారి

జాగా అద్దెకివ్వడం ఒకటే మార్గం కాదు. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ వందకు పైగా శీతల గిడ్డంగులున్నాయి. అక్కడ అద్దెకు పోయేది గది కాదు, భద్రత. రైతో వ్యాపారో మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చి పెడతాడు, సీజనుకు టిక్కీకి ఇంతని అద్దె కడతాడు. చట్టం కంట్లో ఇది లీజు కాదు, 1872 కాంట్రాక్టు చట్టం చెప్పే అప్పగింత. లీజులో సరుకు బాధ్యత కిరాయిదారుది. అప్పగింతలో సొంత సరుకును చూసుకునే మామూలు మనిషి తీసుకునేంత జాగ్రత్త గిడ్డంగి యజమాని తీసుకోవాలి. చల్లదనం తగ్గి రంగు పోయినా, నిప్పంటుకున్నా అడిగేది అతన్నే.

బాధ్యత పెరిగినట్టే రాబడి దారులూ పెరుగుతాయి. నిల్వ చేసిన సరుకు మీద అప్పు పుడుతుంది. 2007 గిడ్డంగుల చట్టం కింద 2010లో ఏర్పడిన నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన గిడ్డంగి ఇచ్చే రసీదు చేతులు మారగలదు. 2017 నుంచి అది ఎలక్ట్రానిక్ రూపంలోనూ ఉంది. ఇది నడిపే వ్యాపారం, భూమి కొని కూర్చునే వ్యాపారం కాదు. కరెంటు బిల్లు, హమాలీలు, అమ్మోనియా ప్లాంటు, పంట ఎక్కువైన ఏడాది తొక్కిసలాట, తక్కువైన ఏడాది ఖాళీ గదులు అన్నీ యజమాని తలకే. దగ్గరుండి చూసుకోగలిగేవాడికి లీజు అద్దె కంటే ఇందులో మిగులు ఎక్కువ. ఊళ్లో లేనివాడు దీని జోలికి పోకూడదు.

వాడేవాడు సొంతం చేసుకోవాలా

వాడుకునే వ్యాపారి వైపు నుంచి చూస్తే జవాబు అతని యంత్రాల బరువును బట్టి ఉంటుంది. రసాయనాలు, ఫౌండ్రీ, ప్రెస్ షాపు లాంటి పరిశ్రమల్లో పునాదులు, కాలుష్య మండలి అనుమతులు, హెచ్‌టీ కనెక్షను అన్నీ ఆ స్థలానికే అతుక్కుని ఉంటాయి. అక్కడి నుంచి కదలడమంటే మళ్లీ మొదటి నుంచి పరిశ్రమ పెట్టడమే. అలాంటివాడికి సొంత స్థలం, కుదరకపోతే దీర్ఘకాలం రిజిస్టరయిన లీజు. సరుకు కొని అమ్మే వ్యాపారికి ఆ బంధం అక్కర్లేదు. అతని లాభం సరుకు తిరిగే వేగంలో ఉంటుంది. 5 కోట్లు నేలలో పాతిపెట్టి 6 శాతం అద్దె మిగుల్చుకోవడం కంటే, ఆ డబ్బుతో సరుకు ఏడాదికి నాలుగు చుట్లు తిప్పితే వచ్చేది ఎక్కువ.

మన ఊళ్లలో చాలామంది చిన్న పరిశ్రమదారులు ఈ లెక్క తెలిసి కూడా సొంతానికే మొగ్గుతారు. దానికీ ఒక కారణముంది. భూమి పత్రం తనఖా పెడితేనే బ్యాంకు పరిమితి పెరుగుతుంది. వాళ్లకు షెడ్డు కేవలం పని జరిగే చోటు కాదు, వర్కింగ్ క్యాపిటల్‌కు తాళంచెవి. ఆ కారణం నిజమైనదే. అప్పుడైనా షెడ్డును వేరే పేరున పెట్టి, కంపెనీ దానికి మార్కెట్ అద్దె కట్టేలా రాసుకుంటే వ్యాపారం లాభమెంతో, భూమి లాభమెంతో విడివిడిగా కనిపిస్తాయి. రెండూ ఒకే ఖాతాలో కలిసిపోయిన కుటుంబాల్లో నష్టాల్లో ఉన్న వ్యాపారం కూడా ఏళ్ల తరబడి లాభంలో ఉన్నట్టే కనిపిస్తుంది. అన్నదమ్ములు పంచుకునే రోజున గానీ ఆ ముసుగు తొలగదు.

అమ్మకం వేళ

అద్దె నడుస్తున్న గోదామును కొనేవాడు రేకులూ ఇనుమూ చూడడు, లీజు చూస్తాడు. లక్ష అడుగులు, నెలకు అడుగుకు 20 రూపాయలంటే ఏడాదికి 2.4 కోట్లు. పేరున్న కంపెనీ, ఇంకా ఆరేళ్ల లాక్ఇన్, పక్కా పత్రాలుంటే కొనేవాడు 8 శాతం రాబడితో తృప్తిపడవచ్చు. అప్పుడు ధర 30 కోట్లు. చిన్న కిరాయిదారు, ఎనిమిది నెలల్లో ముగిసే లీజు అయితే 10 శాతం అడుగుతాడు. ధర 24 కోట్లకు పడిపోతుంది. షెడ్డు అదే, రోడ్డు అదే. ఆరు కోట్ల తేడా కాగితంలో ఉంది. అమ్మాలనుకున్న యజమాని మొదట చేయాల్సిన పని రంగులు వేయించడం కాదు, లీజు పొడిగించుకోవడం.

పాత ఫ్యాక్టరీ స్థలం కొనేటప్పుడు వెనకటి బకాయిలే అసలు ప్రమాదం. బ్యాంకు వేలంలో ఆస్తిని ఉన్నది ఉన్నట్టుగానే ఇస్తారు. పాత యజమాని కరెంటు బకాయిలు నిబంధనల్లో ఉంటే కొత్త యజమానిని కూడా అడగవచ్చని 2023లో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పటాన్‌చెరు, బొల్లారం లాంటి చోట్ల నేల సంగతి కూడా చూడాలి. దశాబ్దాల రసాయన పరిశ్రమల తర్వాత బోరునీరు, మట్టి పరీక్ష చేయించకుండా కొనడం అప్పు చూడకుండా సంతకం పెట్టడం లాంటిది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం 1996 నుంచి మన కోర్టుల్లో గట్టిగానే ఉంది. చేసినవాడు దొరక్కపోతే స్థలంలో కనిపించేది కొన్నవాడే.

పన్నులు కూడా అమ్మకం ముందే లెక్క చూసుకోవాలి. భూమి అమ్మకం, పూర్తయిన కట్టడం అమ్మకం జీఎస్టీ పరిధిలోకి రావు. ధర 50 లక్షలు దాటితే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటాడు. 2024 జూలై 23 నుంచి దీర్ఘకాలిక మూలధన లాభం మీద పన్ను 12.5 శాతం, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా. ఆ తేదీకి ముందు కొన్న భూమి, భవనాలకు దేశంలో నివసించే వ్యక్తులు, హిందూ ఉమ్మడి కుటుంబాలు పాత 20 శాతం పద్ధతి ఎంచుకోవచ్చు. వ్యాపారంలో తరుగుదల చూపించిన షెడ్డు మీద లాభాన్ని మాత్రం ఎన్నేళ్ల తర్వాత అమ్మినా స్వల్పకాలికంగానే లెక్కిస్తారు. భూమి లెక్క వేరు, షెడ్డు లెక్క వేరు. అమ్మకం పత్రంలో రెండింటి ధరా విడిగా, సమర్థించుకోగలిగేలా ఉండాలి.

నగరం మధ్యలో పడిన పారిశ్రామిక భూములది ప్రత్యేక కథ. అవుటర్ రింగ్ రోడ్డు లోపలా దాని చుట్టుపక్కలా ఉన్న 22 పారిశ్రామిక వాడల్లోని సుమారు 9,300 ఎకరాలను బహుళ వాడకానికి మార్చుకునే వీలు కల్పిస్తూ 2025 నవంబరులో తెలంగాణ ఒక విధానం తెచ్చింది. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 లేదా 50 శాతం రుసుము కట్టాలి. పరిశ్రమ కోసం చవకగా ఇచ్చిన భూమి విలువ పెరుగుదలలో ప్రభుత్వానికి ఎంత, యజమానికి ఎంత అన్న దాని మీద రాజకీయ దుమారం రేగింది. ఆ వాదన న్యాయమైనదే. ఈ వాడలన్నీ అపార్టుమెంట్లయితే అక్కడి పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు, ఆ షెడ్ల మీద ఆధారపడ్డ చిన్న యూనిట్లు ఎక్కడికి పోవాలన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న. యజమాని మట్టుకు ఒకటి గుర్తుంచుకోవాలి: విధానం మారుతుందన్న ఆశతో ఆగిన భూమి విలువ ఒక జీవోతో పెరుగుతుంది, ఇంకో జీవోతో తగ్గుతుంది.

చిన్న పెట్టుబడిదారుకు

ఎకరాలు లేనివాళ్లకు కొత్త దారులు వచ్చాయి. సెబీ 2024 మార్చిలో చిన్న, మధ్యతరహా రీట్ల (స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టుల) చట్రం తెచ్చింది. 50 కోట్ల నుంచి 500 కోట్ల లోపు ఆస్తులు, ఒక్కొక్కరికి కనీసం 10 లక్షలు. గోదామును ముక్కలుగా అమ్ముతామంటూ నియంత్రణ లేకుండా తిరిగే పథకాల కంటే ఇది మేలు. ఇక్కడ కూడా చూడాల్సింది అదే లీజు పత్రం. హామీ రాబడి అని ఎవరైనా అంటే, ఆ హామీ కిరాయిదారు లాక్ఇన్ నుంచి వస్తోందా, మనం కట్టిన డబ్బులోంచే తిరిగి వస్తోందా అని ముందు అడగాలి.

ఇంతా చూశాక తేలేది ఇదీ. ఎకరం ధర అద్దె మోయగలిగే స్థాయిలో ఉన్న చోట కట్టండి, బాగా కట్టండి, అప్పు కాలానికి సరిపడా లాక్ఇన్ రాయించి రిజిస్టరు చేయించండి. ధర ఆ స్థాయి దాటిపోయిన చోట తేలిక షెడ్డు వేసి చిన్న లీజులతో ఆగండి, లేదా అమ్మేసి ముప్పై కిలోమీటర్లు అవతల కొనండి. వాడుకునే వ్యాపారి యంత్రం నేలకు అతుక్కుంటే సొంతం చేసుకోవాలి, సరుకు చక్రాల మీద ఉంటే అద్దెకుండాలి. అమ్మాలనుకున్నవాడు రెండేళ్ల ముందే లీజునూ పత్రాలనూ సరిచేసుకోవాలి. పత్రాలు తేలని భూమికి మాత్రం ఈ సలహాలేవీ వర్తించవు. దాని మీద షెడ్డు వేయడం, అద్దెకు దిగడం, కొనడం మూడూ తప్పే, అద్దె ఎంత వస్తుందని ఎవరు చెప్పినా సరే.